మన బడి కీర్తిశేషులు: వారిని జ్ఞాపకముంచుకొనుట ఎట్లు?

ప్రతి సంవత్సరమును ఆగష్టు 29వ తేదీన మన పాఠశాలలో గిడుగు వేంకట రామమూర్తిగారి పటమునకు పూలమాల వేయుచున్నాము. 1863లో ఆయన జన్మించిన ఆ దినమునే తెలుగు భాషాదినముగా జరుపుకొనుచున్నాము. గత సంవత్సరము మాల వేసిన పిమ్మట ఎనిమిదవ తరగతి పిల్లలను ఒక చిన్న ప్రశ్న అడిగితిని. “ఈయన మన పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయులుగా ఉండిరి గదా, మొదట ఏ పాఠము చెప్పెడివారు?” తరగతి యంతయు ఒక్క గొంతుతో “తెలుగండీ!” అని సమాధానము చెప్పెను.

తెలుగు కాదు. 1880లో నెలకు 30 రూపాయల జీతముమీద రాజావారి పాఠశాలలో చేరినపుడు ఆయన చెప్పినది చరిత్ర.

ఇది పిల్లల తప్పు కాదు. ఏటేట సభలో మేము వారికి చెప్పుచున్నది “భాషోద్ధారకుడు, మహానుభావుడు, గిడుగు కాదు పిడుగు” అనుమాటలే గాని, ఆయన ఏ తరగతి గదిలో ఏమి చేసెనో మేము చెప్పలేదు. పొగడ్త నిలిచినది, మనిషి జాఱిపోయెను. అంతటి ప్రసిద్ధుని విషయముననే ఇట్లు జరిగినచో, మన బడిలో పనిచేసియు, చదివియు, గతించినవారి విషయమున ఏమి జరుగుచున్నదో తల్లిదండ్రులును విద్యార్థులును ఆలోచింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

గిడుగువారిని గూర్చి మఱికొంత చెప్పనిండు. పండ్రెండవయేటనే తండ్రిని కోల్పోయి, విజయనగరమున మహారాజావారి పాఠశాలలో చదివినారు. గురజాడ అప్పారావుగారు అచ్చట వారి సహాధ్యాయులు. మన ఊరికి ఉపాధ్యాయులై వచ్చిన పిమ్మట చుట్టుపట్ల కొండలలోని సవరలను చూచి, వారి భాష నేర్వవలెనని సంకల్పించి, ఆ భాషయు తెలుగును తెలిసిన సవర నొకనిని ఇంట పెట్టుకొని నేర్చిరి. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, పుస్తకము లేదు. ఆ పిల్లలకు వారి మాటలలోనే పాఠములు వ్రాసి, బడులు పెట్టించిరి. కొండలలో తిరుగుటవలన మలేరియా జ్వరము సోకినది. దానికి వాడిన క్వినైను వలన ఆయనకు చెవుడు వచ్చినది. ఇతరుల మాటలోని ధ్వనులను చెవియొగ్గి విని వ్రాసికొన్న వ్యక్తి తన వినికిడిని ఆ పనికే ధారపోసినాడన్న మాట. ఆయన సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను అచ్చయినవి. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరినపుడు ఆయన ఇచ్చట ఉండనొల్లక రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. 1940 జనవరి 22వ తేదీన మద్రాసులో పరమపదించిరి.

ఇందులో ముప్పది రూపాయల జీతమును, ఇంట ఉంచుకొన్న సవరయు, క్వినైనును నేడు మనకు తెలియుటకు కారణమొక్కటే: ఆయన నెఱిగినవారు వాటిని చిన్న సంగతులని విడువక వ్రాసియుంచిరి. (ఈ గ్రాంథికపు ధోరణిలో తన్నుగూర్చి వ్రాయుచున్నందుకు ఆయన ఉండినచో నాకు అక్షింతలు వేసియుండెడివారు. మా గురువులు అలవాటుచేసిన భాష ఇది, క్షమించెదరు గాక.)

మన ప్రాంతమునకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. వంశధార ఒడ్డున ముఖలింగేశ్వరుని గుడి గోడలమీద తూర్పు గాంగుల నాటి శాసనములు కలవు. గిడుగువారు పుస్తకములు తెప్పించుకొని ఆ లిపిని స్వయముగా చదువ నేర్చిరి. వానిలో అనేకము అఖండదీపములకు చేసిన దానములను తెలుపును. దాత ఎవరు, దీపము నిలుచుటకు ఏమి ఇచ్చెను అను వివరము వానిలో చెక్కియుండును. దాత మంచివాడని మాత్రమే చెక్కియుండినచో తొమ్మిదివందల ఏండ్ల తరువాత అతనిని ఎవరు పోల్చుకొనగలరు?

ఇక బడి సంగతి. మన పాఠశాలలో ఎవరైన మరణించినపుడు ప్రార్థన సమయమున రెండు నిమిషములు మౌనము పాటింతుము. సంతాప తీర్మానము చదువుదుము. ఆ తీర్మానము ప్రతి ఒకటి కుటుంబమునకు పంపుదుము. ఇది మర్యాద, చేయవలసినదే. కాని పాత తీర్మానములను ఒకచోట చేర్చి చదివితిని. “మృదుస్వభావులు, కర్తవ్యపరాయణులు, వీరి మరణము తీరని లోటు.” పేరు మార్చినచో ఒకరి తీర్మానము మఱియొకరికి చక్కగా సరిపోవుచున్నది. వీనిలో రెండింటిని వ్రాసినవాడను నేనే.

తీర్మానమును విడిచినచో బడివద్ద మిగులునది ప్రవేశపు పుస్తకము. హాజరు పట్టీలు కొన్ని ఏండ్లకు తీసివేయబడును. పరీక్ష కాగితములు అంతకంటె ముందే పోవును. ప్రవేశపు పుస్తకము మాత్రము నిలుచును. అందు పేరు, తండ్రి పేరు, పుట్టినతేది, చేరినతేది, విడిచినతేది ఉండును. ఇది ఎంత విలువైనదో, మనవంటి తెలుగువారికి ఎంత చాలనిదో నాకు ఒక సంఘటన వలన తెలిసినది.

విజయనగరమున శిక్షణ పొంది నేనిచ్చటికి వచ్చిన తొలి సంవత్సరములలోని మాట. ఏడవ తరగతి బాలిక ఒకతె దసరా సెలవులలో జ్వరమువలన మరణించినది. సెలవుల తరువాత హాజరు పిలుచుచు పదునాఱవ నంబరు పిలిచి, ఒక క్షణమాగి, పదునెనిమిది అంటిని. పదునెనిమిదవ నంబరు పిల్ల పలుకలేదు. పదునేడు వినవచ్చునేమో అని ఎదురుచూచుచున్నది. ఆ దినమున పాఠము చెప్పలేకపోతిని.

తరువాతి జూన్‌లో ఆ బాలిక తండ్రి తన కొడుకును చేర్చుటకు వచ్చెను. పని ముగిసిన తరువాత గుమ్మమువద్ద నిలిచి, “మాస్టారూ, మా పాప రాసింది ఏదైనా ఉన్నాదా అండీ? కాగితమ్ముక్కైనా పర్లేదు” అని అడిగెను. ఇంటివద్ద ఉన్న పుస్తకములను జ్వరము భయముచేత కాల్చివేసిరట. ఆమె వ్యాసరచన పుస్తకము బీరువాలో ఉండెడిది. వేసవి సెలవులకు ముందు బీరువా శుభ్రము చేయుచు, పాత పుస్తకములన్నిటితోపాటు దానిని గూడ చిత్తుకాగితములు కొనువానికి ఇచ్చివైచినది నేనే. ఆ మాట ఆయనతో చెప్పవలసివచ్చెను.

ఏదైన చూపవలెనను ఆతురతతో ప్రవేశపు పుస్తకము తెఱచి, ఆమె పేరున్న పంక్తిమీద వ్రేలు పెట్టి ఒడియాలో ఉన్నది ఉన్నట్లుగా చదివితిని. ఆయన విని, “ఆ పేరు మాది కాదండీ” అనెను.

ఆయన మాట నిజము. ఒడియా వ్రాతలో మన వకారము తఱచుగా బకారమగును. ఆ లిపిలో ఎకార ఏకారములకు, ఒకార ఓకారములకు వేఱువేఱు గుర్తులు లేవు. మన ఇంటిపేరు ముందుండును. అచ్చటి పద్ధతిలో వంశనామము చివర వచ్చును. కనుక మన ఇంటిపేరు ఒక్కొక్కసారి వెనుకకు పోవును, ఒక్కొక్కసారి మొదటి అక్షరముగా కుదించుకొనిపోవును, కొన్నిచోట్ల పూర్తిగా రాలిపోవును. గుమాస్తాను తప్పుపట్టరాదు, తన లిపికి చేతనైనట్లు అతడు వ్రాసెను. మనము మాత్రము తక్కువవారమా? ఒడియావారు “జొగొన్నాథొ” అని పలుకు పేరును మనము “జగన్నాథం” అని వ్రాసి ఊరకుందుము. కాని ఆ దినమున ఆ తండ్రి ఎదుట నిలిచిన నాకు ఈ భాషాశాస్త్రము ఏమియు తోడ్పడలేదు. ఇంటిపేరు లేనిదే, వకారము పోయినదే, ఆ పంక్తిలో ఆయన కూతురు లేదు.

అప్పుడు చేయని పని ఇప్పుడు ప్రారంభించినాము. తెలుగు గదిలో గట్టి అట్ట గల ఒక పెద్ద పుస్తకము ఉంచినాము. మన బడికి చెందిన గతించినవారికి, ఉపాధ్యాయుడైనను, విద్యార్థియైనను, వంటచేసిన అమ్మయైనను, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఆకు. మొదటి పంక్తిలో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఇంటిలో పిలుచుకొన్న విధముగా తెలుగులో వ్రాయవలెను. దాని క్రిందనే ప్రవేశపు పుస్తకములోనున్న ఒడియా రూపమును గూడ వ్రాయవలెను. రెండును లేనిచో ముందు తరమువారు ఈ ఇద్దఱును ఒక్కరే అని పోల్చుకొనలేరు.

మొదటి ఆకు గంట కొట్టిన అటెండరుగారిది. ఆయన పోయినపుడు చదివిన తీర్మానమున “విధేయుడు” అని ఉన్నది. తొమ్మిదవ తరగతి పిల్లలు ఊరిలో పెద్దలను అడిగి తెచ్చిన సంగతులు వేఱు. నాడు మన బడి గంట రైలుపట్టా ముక్క. వానకాలమున మహేంద్రతనయకు ఆవలి గట్టునుండి నడచివచ్చు పిల్లలకు ఆలస్యమగునని ఆయన మొదటి గంటను కావలెననియే ఆలస్యముగా కొట్టెడివాడట. ప్రధానోపాధ్యాయులు ఎఱిగియు ఎఱుగనట్లుండెడివారట. రెండు నిమిషములని ఒకరు, ఐదు నిమిషములని ఒకరు చెప్పిరి. పిల్లలు ఏది వ్రాయవలెనని నన్నడిగిరి. రెండును వ్రాసి, ఏది ఎవరు చెప్పిరో ప్రక్కన గుర్తించుమంటిని. సరిచేయుటకు ప్రయత్నింపవలదు. విధేయుడన్న తీర్మానమున ఆయన చేసిన ఈ అవిధేయతకు చోటులేకపోయెను. ఆవలి గట్టువారు మఱువనిది అదియే.

పిల్లలారా, మీరు అడుగుటకు పోయినపుడు “ఆయన ఎట్టివారు?” అని అడుగకుడు. “మంచివారు బాబూ” అని చెప్పి ఊరకుందురు. ఏ కుర్చీలో కూర్చుండెడివారు, కోపము వచ్చినపుడు ఏమనెడివారు, సంచిలో ఏమి తెచ్చెడివారు అని అడుగుడు. చెప్పినవారి పేరు, తేది వ్రాసికొనుడు. చెప్పినవారి మాటను చెప్పినట్లే వ్రాయుడు. నాకు నచ్చునని దానిని గ్రాంథికముగా మార్చవలదు. ఛాయాచిత్రము దొరికినచో వెనుకవైపున పెన్సిలుతో, ఎడమనుండి కుడికి, పేర్లు వ్రాయింపుడు. పెన్ను గట్టిగా నొక్కినచో ముందువైపున మచ్చలు పడును. పేరు తెలియని ముఖమున్నచో ఆ చోటు ఖాళీగా విడువుడు.

వ్రాయరానివియు కొన్ని కలవు. మరణమునకు కారణమును కుటుంబమువారు చెప్పుమన్నగాని వ్రాయవలదు. అప్పులు, తగవులు మన పుస్తకమునకు అక్కఱలేదు. ఇంటివారు చదివి సరేయన్న తరువాతనే ఆకు అతికింపవలెను. ఒక ఇంటివారు వలదనిరి. వారి మాట మన్నించి ఆ ఆకులో పేరు మాత్రముంచినాము.

ప్రతి ఆకునకు వెనుకవైపున అదే సంగతిని ఒడియాలో గూడ వ్రాయించుచున్నాము. ఇందునకు తల్లిదండ్రులలో కొందఱు నొచ్చుకొనిరి. “తెలుగు బడిలో తెలుగు పుస్తకము చాలదా?” అనిరి. వారి బాధ నాకు తెలియును. కాని మన పిల్లలలో ఎందఱి బిడ్డలు ఇకముందు తెలుగు చదువగలరో మీరే లెక్కింపుడు. గంట కొట్టిన ఆయన మనుమడు ఒడియా బడిలో చదువుచున్నాడు. తాతగారి ఆకును ఒడియా వైపునుండి చదివి, ఆకు త్రిప్పి, ఈ అక్షరములు ఏమని నన్నడిగెను. తాత పేరులోని అక్షరములను మాత్రము ఆ సాయంకాలము నేర్చుకొని పోయెను.

పదునేడవ నంబరు బాలికకును ఒక ఆకు ఉన్నది. ఇంటిపేరు, పేరు తండ్రి నోట విని సరిగా వ్రాసితిని. నాకు జ్ఞాపకమున్నవి మూడు పంక్తులే: కిటికీ ప్రక్కన రెండవ బల్ల, “ళ” అక్షరమును ఎల్లప్పుడును పెద్దదిగా వ్రాయును, పద్యము అప్పగించునపుడు కండ్లు మూసికొనును. మిగిలినది ఖాళీ. ఆమెతో చదివినవారు కొందఱు నేడు మన విద్యార్థుల తల్లులు. అమ్మా, మీ ఇంటి అటకమీద, పాత పెట్టెలలో, ఆ తరగతినాటి పుస్తకములున్నచో ఒకసారి తిరుగవేయుడు. ఆ పిల్లలు నోటుపుస్తకములు ఇచ్చిపుచ్చుకొనెడివారు. పెద్ద “ళ” ఎచ్చటనైన కనబడినచో ఆ పుస్తకమును తెలుగు గదికి పంపుడు. ఫోటో తీసికొని మీది మీకు తిరిగి ఇచ్చెదము. ఆ పుటను మొదట ఆమె తండ్రికి చూపవలసియున్నది.