ఎండకు పూసే తెల్ల మందు – ఎవరికి, ఎలా?

వేసవి వచ్చిందంటే మన నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ముఖం మీద మంగు మచ్చలు, చేతుల మీద దురద, కమిలిన చర్మంతో మా ఓ.పి.కి వచ్చేవారు ఈ కాలంలో ఎక్కువవుతారు. కొందరికి డాక్టరుగారు సన్‌స్క్రీన్ లోషన్ రాస్తారు. వారం తిరగకముందే వాళ్లే వచ్చి, "సిస్టర్, ఇది పూస్తె మొఖం బూడిద పూసినట్టు అయితుంది, అందరు నవ్వుతున్రు" అంటూ ట్యూబు తిరిగి మా చేతిలో పెడతారు. అందుకే ఈసారి దాని సంగతి చెప్పాలనుకున్నాము.

అందులో ఏముంటుంది?

ఈ తెల్ల మందులలో పనిచేసే పదార్థాలు రెండు: జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్. రెండూ ఖనిజ పదార్థాలే. జింక్ ఆక్సైడ్ మీకు కొత్త కాదు. పసిపిల్లల తొడలు ఒరుసుకుపోతే పూసే తెల్ల మందులో, గులాబీ రంగు కాలమైన్ లోషన్‌లో ఉండేది అదే. అయితే కాలమైన్ ఎండను ఆపే మందు కాదు.

ఎండలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. వాటిలో 'బి' రకం చర్మాన్ని కమిలిస్తుంది. 'ఎ' రకం లోతుకు దిగి ముడతలు, నల్ల మచ్చలు తెస్తుంది; బస్సు కిటికీ అద్దం గుండా కూడా వస్తుంది. ఈ పదార్థాల రేణువులు చర్మం పైన పొరలాగా ఉండి ఆ కిరణాలను చాలావరకు పీల్చుకుంటాయి, కొంత చెదరగొడతాయి. జింక్ రెండు రకాలనూ ఆపుతుంది. టైటానియం 'బి'ని బాగా, 'ఎ'ని కొంతవరకే ఆపుతుంది. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 16 పదార్థాలను పరిశీలించి, ఈ రెండింటినే సురక్షితమైనవిగా ప్రతిపాదించింది. మరో 12 పదార్థాలకు ఇంకా సమాచారం కావాలని అడిగింది. అవన్నీ హానికరమని దాని అర్థం కాదు.

ఎవరికి ఏది?

మంగు ఉన్నవారికి: మనలాంటి చామనఛాయ, నల్లని చర్మం తేలికగా కమలదు గాని, మచ్చలు త్వరగా పడతాయి. కంటికి కనిపించే వెలుగు కూడా మంగును పెంచుతుంది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే లోషన్ ఆ వెలుగును ఆపుతుంది. బూడిద పూసినట్టు కూడా కనిపించదు.

సున్నితమైన చర్మానికి, పిల్లలకు: జింక్ ఉన్నది మంచిది. మంట తక్కువ. ఆరు నెలలలోపు పసివారికి మాత్రం పూయకండి. నీడ, నూలు బట్టలే రక్షణ.

జిడ్డు చర్మం, మొటిమలు ఉంటే: పలుచని జెల్ లేదా నూనె లేని లోషన్. పొడి చర్మమైతే క్రీము.

బొల్లి ఉన్నవారికి: తెల్ల మచ్చలు త్వరగా కమిలిపోతాయి గనుక తప్పక పూయాలి.

ఒక తల్లి పదేళ్ల కొడుకును తీసుకొచ్చింది. పుట్టుకతోనే చర్మం, జుట్టు, కనురెప్పల వెంట్రుకలు తెల్లన. దీన్ని ఆల్బినిజం అంటారు. చెవుల అంచులు కమిలి పుండ్లు పడ్డాయి. "పుట్టుక రంగు, ఏం జేస్తం సిస్టర్?" అన్నదామె. రంగును మార్చలేము, పుండ్లను ఆపగలము. ఇలాంటి పిల్లలకు లోషన్ సోకు కాదు, రోజూ వాడవలసిన మందు. పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, నల్ల కళ్లద్దాలు కూడా కావాలి. మానని పుండు చర్మ క్యాన్సర్ కావచ్చు; ఆలస్యం చేయకుండా చూపించాలి. అబ్బాయిని నీడలో కూర్చోబెట్టమని బడి పంతులుకు డాక్టరుగారు చీటీ రాసిచ్చారు.

ఎలా పూయాలి?

ఎస్.పి.ఎఫ్. 30 ఉంటే చాలు. అది 'బి' కిరణాలలో సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. 'ఎ' రకాన్ని కూడా ఆపుతుందో లేదో ట్యూబు మీద చూసుకోండి. చూపుడువేలు, నడిమివేలు పొడవునా పిండినంత లోషన్ ముఖానికీ మెడకూ కావాలి. రెండు గంటలకోసారి, చెమట తుడుచుకున్న తరువాత మళ్లీ పూయాలి. ఇదివరకు మేము ట్యూబు ఇచ్చి పంపామే గాని, ఎంత పూయాలో చూపలేదు. ఆ పొరపాటు మాదే.

కొనలేనివారు దిగులుపడకండి. పత్తి ఏరడానికి, కైకిలికి పోయే అక్కలు చీర మీద వేసుకునే పొడుగు చేతుల చొక్కా, తలకు చుట్టే టవల్ చెమటకు కారిపోవు, రెండు గంటలకోసారి మార్చనక్కరలేదు. నడి మధ్యాహ్నం చెట్టు నీడ చూసుకోండి.

ఒక్క మాట మరువకండి. మంగుకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్రీములలో స్టెరాయిడ్ ఉండవచ్చు. మొదట తెల్లబడినట్టుంటుంది, తరువాత చర్మం పలుచబడి, ఎర్రబడి, ఎండ తగిలితే భగ్గుమంటుంది. డాక్టరు చీటీ లేనిదే వాటిని అమ్మకూడదని 2018లో ప్రభుత్వం నిబంధన తెచ్చింది.

మీ ఇంట్లో ఉన్న ట్యూబు పట్టుకొని ఓ.పి.కి రండి. అందులో ఏముందో చదివి చెప్పి, ఎంత పూయాలో మా సిస్టర్లు మీ చేతి మీదనే చూపిస్తారు.