'ఎవరూ'లో 'లేరు' లేదు

సికింద్రాబాదులో కాపురముంటున్న మనకి ఇంగ్లీషు కొత్తేమీ కాదు. 1806లో కంటోన్మెంటు వెలిసినప్పటినుంచీ ఆ భాష యీ వూరి చెవిన పడుతూనే వుంది. పక్క వాటాలో తమిళులూ, మేడమీద మార్వాడీలూ వుంటే ఎన్నోసార్లు అదే అక్కరకొస్తుంది. అయితే పెద్ద పెద్ద మాటలు పలికేవారికి కూడా 'ఎవరో, ఎవరైనా, ఎవరూ' అనే చిన్న మాటల దగ్గర నాలుక తడబడుతుంది.

మన భాషలో 'ఎవరు' అనే ప్రశ్నకి చివర కాస్త మారిస్తే చాలు. 'ఎవరో వచ్చారు' అంటే సమ్‌బడీ. 'ఎవరైనా వచ్చారా?' అంటే ఎనీబడీ. చిక్కంతా 'ఎవరూ'తోనే.

'ఎవరూ లేరు' అన్నప్పుడు కాదనే పని 'లేరు'ది. 'ఎవరూ'లో ఆ కాదనడం లేదు. ఇంగ్లీషువారు దాన్ని నోబడీ, నథింగ్ అనే మాటల్లోనే మూటకట్టేశారు. మనం అలవాటుకొద్దీ మరో 'నాట్' తగిలిస్తాం. ఫోనులో 'నోబడీ ఈజ్ నాట్ ఎట్ హోమ్' అంటే, లెక్కప్రకారం యింట్లో లేనివారంటూ ఎవరూ లేరని, అంటే అందరూ వున్నారని! 'నోబడీ ఈజ్ ఎట్ హోమ్' చాలు. పోనీ 'ఎనీబడీ ఈజ్ నాట్' అందామా, అదీ కుదరదు. 'నాట్' ముందుండాలి, 'ఎనీ' తర్వాత రావాలి: 'ఐ డిడ్ నాట్ సీ ఎనీబడీ.' (ఆరువందల ఏళ్ళనాటి ఛాసర్ కవి ఒకే వాక్యంలో రెండేసి కాదనే మాటలు వాడినవాడే. నేటి వ్యాకరణం ఒప్పుకోదు, అంతే.)

ఫోను సంగతికి నవ్వుకోవచ్చు. ఆసుపత్రిలో అలా కాదు. ఆపరేషనుకి ముందు మత్తుమందిచ్చే డాక్టరు 'డిడ్ హీ ఈట్ ఎనీథింగ్?' అని అడుగుతారు. కడుపులో ఆహారముంటే మత్తులో వుండగా అది పైకొచ్చి వూపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వుంది. బాబు ఏమీ తినకపోతే 'హీ డిడ్ నాట్ ఈట్ ఎనీథింగ్' అనండి, లేదా 'హీ ఏట్ నథింగ్' అనండి. రెంటినీ కలిపి 'డిడ్ నాట్ ఈట్ నథింగ్' అనకండి. ఒక్క బిస్కెట్టు తిన్నా 'హీ ఏట్ సమ్‌థింగ్' అని, ఏమిటో, ఎన్నింటికో చెప్పండి. ఇంగ్లీషు గొంతులో అడ్డుపడితే తెలుగులోనే చెప్పండి. అక్కడ పరువుతో పనేమిటి?

ఇంటికొచ్చినవారిని 'ఏమైనా తాగుతారా?' అంటాం కదా అని 'ఎనీథింగ్' అంటే తప్పేమీ కాదు. కాని 'వుడ్ యూ లైక్ సమ్‌థింగ్ టు డ్రింక్?' అంటే, ఔనంటారనే ఆశతో అడిగినట్టు. 'కాస్త కాఫీ పుచ్చుకోండి' అనే మన ఆదరణ అందులో వుంది.

అన్నట్టు, 'అందరూ బాగున్నారు' మనకి బహువచనం. వాళ్ళకి 'ఎవ్రీబడీ ఈజ్ వెల్', ఏకవచనం. ఇంటినిండా చుట్టాలున్నా అక్కడ 'ఆర్' అనకండి.