నీతిచంద్రికలో ‘మిత్ర’ మాట ఎవరి నోట?

మండపేట నుంచి ఆలమూరు మీదుగా జొన్నాడ వైపు వెళ్తే గౌతమి గట్టు తగులుతుంది. తెలుగు పిల్లలు తరతరాలుగా బడిలో చదువుకున్న ఓ కథ ఇలాంటి గోదావరి ఒడ్డునే మొదలవుతుంది. ఏటిగట్టున పెద్ద బూరుగు చెట్టు, దానిమీద లఘుపతనకమనే కాకి. తెల్లారగట్ల కళ్లు తెరిచేసరికి వల పట్టుకొచ్చిన బోయవాడు కనిపిస్తాడు. వాడు నూకలు చల్లి, వల పన్ని, పొదచాటున నక్కుతాడు. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన ‘నీతిచంద్రిక’లో ‘మిత్రలాభం’ ఇలా మొదలవుతుంది.

ఆ పుస్తకంలోని రెండు భాగాలకూ పేరు పెట్టింది ఒకే మాట. మొదటిది మిత్రలాభం, రెండోది మిత్రభేదం. కాకి, ఎలుక, తాబేలు, జింక, సింహం, ఎద్దు, నక్క, ఎవరి కథ చూసినా ‘మిత్ర’ అన్న మాట చుట్టూనే తిరుగుతుంది. సంస్కృత పంచతంత్రం మిత్రభేదంతో మొదలవుతుంది. దాన్ని ఆధారం చేసుకుని హితోపదేశం రాసిన నారాయణ పండితుడు వరుస మార్చి మిత్రలాభాన్ని ముందుకు తెచ్చాడు. చిన్నయసూరి కూడా ఆ వరుసనే తీసుకున్నాడు. దాంతో స్నేహం ఎలా కుదురుతుందో మనసుకు పట్టాకే, అది ఎలా చెడుతుందో చదువుతాం.

ముందుగా పావురాల సంగతి. పావురాల రాజు చిత్రగ్రీవుడు వద్దన్నా వినకుండా మందంతా నూకల మీద వాలి వలలో చిక్కుకుంటుంది. అన్నీ కలిసి వలతో సహా ఎగిరి, హిరణ్యకుడనే ఎలుక కలుగు దగ్గర దిగుతాయి. నేస్తం గొంతు ఆనవాలు పట్టి హిరణ్యకుడు బయటికొస్తాడు, ముందు రాజు కాళ్లకున్న తాళ్లు కొరకబోతాడు. చిత్రగ్రీవుడు ఆపుతాడు. తనను నమ్ముకున్నవాళ్ల కట్లు ముందు తెంచమంటాడు. తన పళ్లు మెత్తనివనీ, ముందు నేస్తాన్ని విడిపించి, ఆపైన చేతనైనంత చేస్తాననీ ఎలుక బతిమాలుతుంది. రాజు ఒప్పుకోడు. చివరికి ఎలుక మందనంతా విడిపిస్తుంది. ఈ పుస్తకంలో మిత్రుడంటే ఎవరో ఆ తాళ్ల దగ్గరే తేలిపోయింది.

ఇదంతా చూసిన కాకి తనతోనూ స్నేహం చేయమని ఎలుకను అడుగుతుంది. ఎలుక గబుక్కున ఒప్పుకోదు. తినేదానికీ, తిండి అయ్యేదానికీ నేస్తం ఎలా కుదురుతుందని నిలదీసి, ఓ జింక కథ చెబుతుంది.

మగధ దేశంలో చంపకవతి అనే అడవి. అక్కడ జింకా కాకీ ప్రాణ స్నేహితులు. బలిసిన ఆ జింకను చూసి ఓ నక్కకు నోరూరుతుంది. అడవిలో దిక్కులేనివాడినంటూ, మిత్రుడిగా దగ్గరకు తీయమంటూ జింక పంచన చేరుతుంది. కొత్తవాడిని ఇంత త్వరగా నమ్మకూడదని కాకి హెచ్చరిస్తుంది. కొన్నాళ్లకు నక్క జింకను పచ్చని చేను మీదికి తోలుకుపోతుంది. చేనుగలవాడు పన్నిన ఉచ్చులో జింక చిక్కుతుంది. కాపాడమని అడిగితే నక్క చెప్పే సాకు పుస్తకంలోకెల్లా నీచమైనది. ఉచ్చు నరాలతో పేనినదట, ఆ రోజు ఆదివారమట, నరాలకు పళ్లు తగలనివ్వకూడదట. అలా చెబుతున్నప్పుడు కూడా నక్క పిలుపు ‘మిత్రమా’ అనే.

కాకి వచ్చి ఉపాయం చెబుతుంది. పొట్ట ఉబ్బించి, కాళ్లు బిగదీసి చచ్చినట్టు పడుకోమంటుంది. రైతు నమ్మి ఉచ్చు విప్పుతాడు. కాకి కూయగానే జింక ఒక్క దూకున పరుగు తీస్తుంది. రైతు విసిరిన కర్ర పొంచి ఉన్న నక్కకు తగులుతుంది.

చివరికి ఎలుక కాకితో చెలిమికి ఒప్పుకుంటుంది. ఆ జట్టులో ఓ తాబేలూ, మరో జింకా చేరతాయి. మిత్రలాభం చివర్లో ఇదే ఉపాయం మళ్లీ వస్తుంది. ఈసారి వేటగాడికి చిక్కింది మంథరకమనే తాబేలు. జింక చెరువుగట్టున చచ్చినట్టు పడుకుంటుంది, కాకి దాని కన్ను పొడుస్తున్నట్టు నటిస్తుంది. వేటగాడు తాబేలును కింద పెట్టి జింక కోసం వెళ్లగానే ఎలుక తాడు కొరికేస్తుంది. మొదటిసారి జింక ఆ నటనతో తన ప్రాణం దక్కించుకుంది, ఇక్కడ తోటివాడి కోసం ఓ జింక ప్రాణాన్ని పణంగా పెట్టింది. రెండు కథలూ పక్కపక్కన పెట్టి చదివితే ‘మిత్ర’ అన్న మాట ఎంత ఎదిగిందో తెలుస్తుంది.

మిత్రభేదంలో ఆ మాటకు గండం వస్తుంది. పింగళకుడనే సింహానికీ, సంజీవకుడనే ఎద్దుకూ చెలిమి కలిపేది దమనకుడనే నక్కే. ఆ చెలిమి ముదిరి తన పలుకుబడి తగ్గగానే దాన్ని విరగ్గొట్టేదీ అతనే. ఎద్దు రాజ్యం కోరుతోందని సింహానికి, సింహం చంపబోతోందని ఎద్దుకు చెబుతాడు. ఇద్దరి దగ్గరా మేలుకోరేవాడి గొంతే. చివరికి సింహం ఎద్దును చంపి కుమిలిపోతుంది. దమనకుడికి మాత్రం ఏ శిక్షా పడదు.

ఈ కథలు పాటలీపుత్రపు రాకుమారుల కోసం విష్ణుశర్మ చెప్పినవి. రాజనీతిలో స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండంతో పాటు ఏడో అంగం మిత్రమే. అక్కడ మిత్రుడంటే కష్టంలో అండగా నిలిచే రాజు కూడా. అందుకే హితోపదేశంలో స్నేహం తర్వాత విగ్రహం, అంటే యుద్ధం, ఆపైన సంధి పాఠాలు వస్తాయి. చిన్నయసూరి రాయని ఆ విగ్రహ, సంధి భాగాలను తర్వాత రాజమండ్రి వాడైన కందుకూరి వీరేశలింగం తెలుగులో రాశాడు.

దమనకుడు శిక్ష తప్పించుకోవడం ఇతర దేశాల్లో కొందరికి మింగుడుపడలేదు. పంచతంత్రం ఆరో శతాబ్దంలో పర్షియా చేరి పహ్లవీలోకి మారింది. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా దాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. దమనకుడు, అతని తోటి నక్క కరటకుడు, ఈ ఇద్దరి పేర్లే ‘కలీలా వ దిమ్నా’గా ఆ పుస్తకానికి పేరయ్యాయి. అందులో అదనంగా ఓ అధ్యాయం ఉంది. దిమ్నా మీద విచారణ జరుగుతుంది, నేరం రుజువవుతుంది, మరణశిక్ష పడుతుంది.

చిన్నయసూరి గ్రాంథికం నేటి పిల్లలకు కొరుకుడు పడదు. పెద్దలు పక్కన కూర్చుని, కథను ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెబుతూ చదివించవచ్చు. ‘మిత్ర’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, అది అంటున్నది ఎవరు, అంతకుముందు వాళ్లు చేసింది ఏమిటని అడగాలి. దమనకుడు సంజీవకుడి దగ్గరికి వచ్చే ఘట్టానికి చేరేసరికి, ఎద్దు కన్నా ముందే పిల్లలు అతన్ని పోల్చుకుంటారు.