దుబాసీ వంటి సాఫ్ట్‌వేర్

అమలాపురంలో ఒకరు తమ గ్రంథానువాదాన్ని ఏనాడో విండోస్ కంప్యూటర్‌లో, పేజ్‌మేకర్‌పై కంపోజు చేయించారనుకుందాం. నేడు వారి వద్దనున్నది లినక్స్ కంప్యూటర్. ఫైలు తెరుచుకోదు, ఏళ్ల శ్రమ చేతిలో ఉండీ చదవలేని స్థితి!

ఇటువంటి వేళ అక్కరకు వచ్చేది, 1993లో ప్రారంభమైన ‘వైన్’. పేరు చూసి పాఠకులు శంకించనక్కరలేదు. అది మద్యం కాదు, ఒక ఆంగ్ల వాక్యపు పొడి అక్షరాల కూర్పు మాత్రమే. ఇది దుబాసీ వంటిది: ప్రోగ్రాము విండోస్‌ను అడిగే పనులను లినక్స్‌కు తెలిసేలా చెప్పి జరిపిస్తుంది.

ముందుగా ఫైలుకు నకలు తీసుకోవాలి. లినక్స్‌లోని సాఫ్ట్‌వేర్ జాబితా నుండి వైన్‌ను, దాని ద్వారా పేజ్‌మేకర్‌ను ఎక్కించి, నాటి తెలుగు ఫాంట్లను చేర్చాలి. అన్ని ప్రోగ్రాములూ ఇలా నడవవు. కనుక ఫైలు తెరుచుకున్ననాడే పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, అచ్చుప్రతితో సరిచూసి భద్రపరచాలి. అది రాబోయే తరాలకు అప్పగించవలసిన అమానతు.