గాలికి ఎదురుగా పోవు పడవ: లిస్బన్ నదిపై ఒక సాయంకాలము

గాలి పడమటినుండి వీచుచున్నది. ఇంజను నడపక, తెడ్లు వేయక, కేవలము తెరచాప సహాయముతో ఒక పడవ పడమటికే పోగలదా? తరగతిలో ఈ ప్రశ్న వేసినచో ఎక్కువమంది విద్యార్థులు పోలేదనియే చెప్పుదురు. గాలి తూర్పునకు నెట్టుచుండగా పడవ పడమటికి ఎట్లు పోవునని వారి వాదము. వాదము సబబుగానే తోచును. కాని అనుభవమునకు విరుద్ధము.

పోర్చుగల్ దేశపు రాజధానియగు లిస్బన్ నగరమున, టేగస్ నదిపై, వేసవి సాయంకాలములందు ఈ సంగతిని కన్నులార చూడవచ్చును. అచ్చట ఒక కుటుంబమువారో, నలుగురు మిత్రులో కలసి, సరంగుతో సహా ఒక చిన్న తెరచాప పడవను రెండు గంటలకు బాడుగకు తీసికొని, సూర్యాస్తమయమును నదిపైనుండి చూచుట పరిపాటి. ఎక్కినవారికి అది వినోదము. సరంగునకు మాత్రము ఆ రెండు గంటలును గణితమే. గాలి, పోటు, ప్రొద్దు అను మూడింటిని ఆతడు ఒకేసారి లెక్కలోనికి తీసికొనవలెను. ఆ లెక్క ఎట్టిదో ఇచ్చట తెలిసికొందము.

నది స్వరూపము

టేగస్ నదిని అచ్చటివారు తేజో అందురు. ఇది స్పెయిన్ దేశపు కొండలలో పుట్టి, సుమారు 1,000 కిలోమీటర్లు ప్రవహించి, లిస్బన్ దాటిన పిమ్మట అట్లాంటిక్ మహాసముద్రమున కలియును. సముద్రమునకు చేరువైనకొలది నదులు వెడల్పగుట మనము ఎరిగినదే. ఈ నది తీరు వేరు. నగరమునకు ఎగువన 10 కిలోమీటర్లకు మించిన వెడల్పుతో సరస్సువలె పరచుకొని, నగరము ఎదుట సుమారు 2 కిలోమీటర్లకు కుదించుకొనిపోయి, ఆ ఇరుకుదారిగుండ సముద్రమును చేరును. పొట్ట పెద్దదై మెడ సన్నగానున్న సీసాను తలచుకొన్నచో దీని ఆకారము బోధపడును. విహారపు పడవలు ఎక్కువగా తిరుగునది ఈ సీసామెడలోనే.

ఈ మెడకు అడ్డముగా 1966లో తెరువబడిన వ్రేలాడు వంతెన కలదు. 1974 ఏప్రిల్ 25 నాటి విప్లవము పిమ్మట ఆ తేదీనే దానికి పేరుగా పెట్టిరి. రెండు గోపురముల నడిమి దూరము 1,013 మీటర్లు. నీటినుండి దాని ఎత్తు సుమారు 70 మీటర్లు. పడవ వంతెనక్రిందికి వచ్చినప్పుడు తేనెటీగల గుంపువలె ఝుమ్మను ధ్వని వినబడును. వంతెనపై బాటలో కొంతభాగము ఇనుప జాలీతో కట్టబడినది. కారు చక్రములు జాలీ కమ్ములను ఒకదానివెంట ఒకటిగా తాకుటచేత ఆ ధ్వని పుట్టును. సెకనుకు తాకు కమ్ముల సంఖ్య పెరిగినకొలది దాని శ్రుతియు పెరుగును.

తెరచాప చేయు పని

మన ప్రశ్నకు వత్తము. గాలి వెనుకనుండి వీచినప్పుడు తెరచాప పడవను నెట్టుననుట సులభముగా తెలియును. గాలి ముందువైపునుండి ఏటవాలుగా వచ్చునప్పుడు తెరచాప పక్షి రెక్కవలె పనిచేయును. గాలి దానిని తాకి, దాని వంపు వెంబడి మరలి, పడవ వెనుకవైపునకు పోవును. తెరచాప గాలిని మరల్చినది. కావున న్యూటను మూడవ నియమము ననుసరించి గాలియు తెరచాపను ఎదురు దిక్కునకు త్రోయును. తెరచాప ఉబ్బిన వైపున గాలి పీడనము తగ్గియు, లోపలి వైపున పెరిగియు ఉండుట ఈ త్రోపునకే మరియొక వివరణము.

ఈ బలము ఇంచుమించుగా తెరచాపకు లంబముగా ఉండును. తెరచాప పడవ మధ్యరేఖతో 20 డిగ్రీల కోణము చేయుచున్నదనుకొందము. బలమును 100 భాగములుగా తీసికొని రెండు దిశలలోనికి విభజించినచో, పడవను ముందుకు లాగునది సుమారు 34 భాగములు, ప్రక్కకు త్రోయునది 94 భాగములు. ముందుకు లాగు బలముకంటె ప్రక్కకు త్రోయునదే మిక్కిలి పెద్దది. అట్లయిన పడవ ప్రక్కకు కొట్టుకొనిపోదా?

పోకుండ కాపాడునది నీటిక్రింద దాగియున్నది. ఈ పడవల అడుగున సీసముతోగాని ఇనుముతోగాని చేసిన బరువైన రెక్క నీటిలోనికి లోతుగా దిగియుండును. దీనిని కీల్ అందురు. ముందునకు పోవునప్పుడు అది కత్తివలె నీటిని కోయును. ప్రక్కకు కదలబోయినప్పుడు పలకవలె అడ్డుపడును. ప్రక్కబలమును కీల్ తన ఎదురుబలముతో దాదాపు రద్దుచేయగా, ముందుకు లాగు బలము మిగులును. తడిసిన చింతగింజను రెండు వ్రేళ్లనడుమ గట్టిగా నొక్కినచో అది ముందునకు చివ్వున జారును. వ్రేళ్లు నొక్కునది ప్రక్కలనుండియే. గింజ పోవునది మరియొక దిక్కునకు. ఇచ్చట ఒక వ్రేలు గాలి, మరియొక వ్రేలు నీరు.

మన గోదావరిపై తిరుగు నాటుపడవలకు అడుగు చదును. ఇట్టి రెక్క ఉండదు. లోతు తక్కువైన ఇసుక మేటలపై అట్టి అడుగే మేలు. కాని వానికి తెరచాప గాలి అనుకూలించినప్పుడే ఉపకరించును; కానప్పుడు గెడ పట్టవలసినదే.

కీల్ మరియొక మేలును చేయును. ప్రక్కబలముచేత పడవ ఒరిగినప్పుడు కొత్తవారు తలక్రిందులగునని భయపడుదురు. పడవ ఒరిగినకొలది అడుగునున్న బరువు ప్రక్కకు జరిగి దానిని తిరిగి నిలబెట్ట యత్నించును. పడద్రోసినను లేచి నిలుచు పిల్లల బొమ్మలోని కిటుకు ఇదియే.

అయినను గాలికి సూటిగా ఎదురుపోవుట ఏ తెరచాపకును శక్యము కాదు. గాలి దిక్కునకు ఇరువైపుల ఇంచుమించు 45 డిగ్రీల మేర అది చొరరాని ప్రదేశము. కావున సరంగు కొంతదూరము ఎడమకు, కొంతదూరము కుడికి మెలికలు తిరుగుచు పోవును. తిరుమల కొండనెక్కు బస్సు నిటారుగా ఎక్కక మలుపులు తిరుగుటయు ఇట్టిదే. 45 డిగ్రీల మెలికలతో గాలికి ఎదురుగా 1 కిలోమీటరు సాధించుటకు 1.41 కిలోమీటరు ప్రయాణము చేయవలెను. ఈ సంఖ్య 2 యొక్క వర్గమూలమని విద్యార్థులు గుర్తింపగలరు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. తేలికగా దొర్లు బొమ్మకారుపై ఒక పుల్ల నిలిపి, దానికి అట్టముక్కను తెరచాపగా కట్టవలెను. చక్రములు ప్రక్కకు జారవు గనుక అవియే కీల్ పని చేయును. బల్లఫ్యాను గాలికి అడ్డముగా కారునుంచి, అట్టను కారు రేఖకును గాలి దిక్కునకును నడుమ ఏటవాలుగా త్రిప్పినచో కారు ముందునకు కదలును. తరువాత కారు ముఖమును కొంచెము కొంచెముగా ఫ్యానువైపు త్రిప్పుచు, ఏ కోణమువద్ద ఆగిపోవునో కొలువవలెను.

ఒంటికి తగులు గాలి

పడవలోనివారికి తగులు గాలియు, ఒడ్డున నిలిచినవారికి తగులు గాలియు ఒకటి కావు. ఒడ్డున గాలి వేగము గంటకు 15 కిలోమీటర్లు, పడవ దానికి అడ్డముగా 8 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. పైథాగరస్ సూత్రము ప్రకారము పడవలో తగులు గాలి 17 కిలోమీటర్లు. అదియు 28 డిగ్రీలు ముందువైపునకు జరిగి వచ్చినట్లుండును. అదే వేగముతో గాలి వెంబడి పోవునప్పుడు తగులునది 15 నుండి 8 పోగా 7 కిలోమీటర్లే. పోవునప్పుడు వణకినవారు తిరిగివచ్చునప్పుడు గాలి పడిపోయెనని తలచుటకు ఒక కారణము ఇదియే.

వెనుకకు పారు నది

రెండవ లెక్క నీటిది. సముద్రపు పోటు ఈ సీసామెడగుండ లోపలికి వచ్చి ఎగువనున్న విశాల జలాశయమును నింపును. సుమారు 6 గంటల పిదప ఆటు మొదలై ఆ నీరంతయు అదే ఇరుకుదారిని వెలుపలికి పోవును. అమావాస్యకు, పౌర్ణమికి చేరువ దినములలో ఇచ్చట నీటిమట్టపు హెచ్చుతగ్గు 3 మీటర్లకు మించును. ఇంత నీరు ఇరుకున పోవలసినందున ప్రవాహము బలముగా ఉండును. పోటు సమయమున నది సముద్రమునుండి కొండలవైపు పారుచున్నట్లు కనబడును.

పడవ నీటిలో గంటకు 8 కిలోమీటర్లు, ఆటు ప్రవాహము 4 కిలోమీటర్లు అయినచో, 6 కిలోమీటర్లు దిగువకు పోవుటకు అరగంట చాలును. మరలివచ్చుటకు గంటన్నర పట్టును. నిలకడ నీటిలో రాకపోకలకు రెంటికిని గంటన్నర చాలియుండెడిది. దిగువకు పోవునప్పుడు కలిసివచ్చిన కాలము ఎగువకు వచ్చునప్పటి నష్టమును పూడ్చదు. ఇది ఎరిగిన సరంగు తిరుగు ప్రయాణమున ఒడ్డునకు చేరువగా వచ్చును. అచ్చట ప్రవాహము మందముగా ఉండును. గాలియు ప్రవాహమును ఎదురెదురైనప్పుడు అలలు నిటారై, దగ్గరదగ్గరగా లేచును. సముద్రమునుండి గాలి వీచు సాయంకాలమున ఆటు వచ్చినచో ప్రయాణము కుదుపులతో కూడియుండునని ఆతడు ముందే ఎరుగును.

గాలిని ఎరుగనిచో

వంతెన దాటి పడమటికి పోగా ఉత్తరపు ఒడ్డున బెలెమ్ బురుజు కనబడును. పదునారవ శతాబ్దారంభమున కట్టబడిన ఈ కోట నదీముఖమునకు కావలి. 1497 జూలై 8న వాస్కో డ గామా బయలుదేరినది ఈ బెలెమ్ తీరమునుండియే. ఆతడు 1498 ఏప్రిల్ 24న ఆఫ్రికా తూర్పుతీరమందలి మలింది రేవును వీడి, ఆ సముద్రపు గాలులు తెలిసిన మార్గదర్శి తోడుండగా, నెల తిరుగకుండ కాలికట్ తీరము చేరెను. మరలునప్పుడు ఈశాన్య ఋతుపవనము స్థిరపడకమునుపే, అక్టోబరు ఆరంభమున, మన పశ్చిమతీరమును వీడెను. గాలి నిలిచిపోవుచు, ఎదురుగా వీచుచు ఉండుటచే అదే సముద్రమును దాటుటకు ఇంచుమించు 3 నెలలు పట్టెను. ఆతని పెద్ద ఓడల చదరపు తెరచాపలు గాలికి ఎదురుపోవుటలో మిక్కిలి బలహీనములు. తాజా కాయగూరలు లేక, నేడు విటమిన్ సి లోపమని మనమెరిగిన స్కర్వీ వ్యాధిచే, ఆ దాటింపులో 30 మంది మరణించిరి. 1499 జనవరి 2న గాని ఆఫ్రికా నేల కనబడలేదు. గాలి కాలమును ఎరిగి చేసిన ప్రయాణమునకును, ఎరుగక చేసినదానికిని గల భేదము ఇంతటిది.

బింబము క్రుంకు వేళ

మూడవ లెక్క ప్రొద్దుది. జూన్ నెలాఖరున లిస్బన్ లో సూర్యుడు గడియారమున రాత్రి 9 దాటిన పిమ్మట, సరిపడమరకు 30 డిగ్రీల ఉత్తరముగా అస్తమించును. పడవనుండి చూచువారికి ఉత్తరపు ఒడ్డు మీదుగా క్రుంకును. మార్చి, సెప్టెంబరు నెలల విషువద్దినములలో నదీముఖపు దిక్కున సరిపడమర క్రుంకును.

బింబపు క్రింది అంచు క్షితిజమును తాకినప్పుడు నిజమైన సూర్యుడు దాదాపు పూర్తిగా క్షితిజమునకు దిగువనే ఉన్నాడు. గాలిపొరలలో వెలుగు వంగుటచేత అంచువద్ద బింబము 34 నిమిషముల కోణము పైకెత్తబడును. బింబపు వ్యాసము 32 నిమిషములే. క్రింది అంచు పై అంచుకంటె అధికముగా ఎత్తబడుటచేత బింబము ఆరవ వంతు మేర అణగినట్లు కనబడును. వెలుగు నడినెత్తినుండి వచ్చునప్పటికంటె 38 రెట్లు గాలిని దాటి వచ్చును. ఊదా రంగు వెలుగును గాలి అణువులు ఎరుపు వెలుగుకంటె సుమారు 9 రెట్లు అధికముగా చెదరగొట్టును. దారిలో నీలము, ఊదా చెదరిపోగా ఎరుపు మిగిలి కంటిని చేరును.

విషువద్దినమున హైదరాబాదులో బింబము పూర్తిగా మునుగుటకు సుమారు 2 నిమిషముల 14 సెకనులు పట్టును. లిస్బన్ లో 2 నిమిషముల 44 సెకనులు. లిస్బన్ భూమధ్యరేఖకు దూరమగుటచే అచ్చట సూర్యుడు ఎక్కువ ఏటవాలుగా దిగును. ఎంత ఎర్రబడినను సూర్యుని బైనాక్యులరుతో చూడరాదు, కన్ను చెడును.

దీపములు వెలిగించు వేళ

సూర్యాస్తమయమునుండి పడవలో దీపములు వెలుగవలెనని 1972 నాటి అంతర్జాతీయ నౌకానియమములు విధించుచున్నవి. పడవ ముఖమువైపు చూచుచు నిలిచినచో ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, వెనుక తెలుపు. ఎదుటి పడవలో ఏ దీపము కనబడుచున్నదను దానినిబట్టి అది ఎటు పోవుచున్నదో చీకటిలోను తెలియును. సాధారణముగా ఇంజను పడవ తెరచాప పడవకు దారి ఇయ్యవలెను. కాని ఇరుకు కాలువలో మాత్రమే పోగల పెద్ద ఓడకు తెరచాప పడవ అడ్డురాకూడదు. ఈ సీసామెడలో ఓడలును, ఒడ్డునుండి ఒడ్డునకు జనమును చేరవేయు ఫెర్రీలును తిరుగుచుండును గనుక ఈ నియమము ప్రాణరక్షకము.

ఈ సమయముననే గాలియు తగ్గుట కద్దు. వేసవిలో పగటివేళ ఐబీరియా భూభాగము వేడెక్కి పీడనము తగ్గును. చల్లని అట్లాంటిక్ పై పీడనము హెచ్చుగా ఉండును. సముద్రమునుండి నేలకు రాబోవు గాలి భూభ్రమణముచే కుడికి మరలి ఉత్తరపు గాలియగును. దీనిని అచ్చట నోర్తాదా అందురు. మధ్యాహ్నము తరువాత బలిసి, నేల చల్లబడగా సన్నగిల్లును. అప్పుడు సరంగు తెరచాప దించి ఇంజను వేయును.

మరునాడు అదే పడవ అదే వేళకు బయలుదేరును. జూన్ మాసమైనచో సూర్యుడు దాదాపు అదే నిమిషమున అస్తమించును. పోటు మాత్రము చంద్రుని అనుసరించునది గనుక 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. కావున ఏ రెండు సాయంకాలముల లెక్కయు ఒకటి కాదు. నేడు సాయంత్రము 5 గంటలకు నిండుపోటు అయినచో, ఎన్ని దినముల తరువాత అది రాత్రి 9 గంటల అస్తమయవేళకు సరిపోవునో విద్యార్థులు లెక్కింతురుగాక.