రక్తపిశాచి నవలను చదివే తూచుదాం

స్టెఫెనీ మేయర్ రాసిన ‘ట్విలైట్’ నవల ఆడపిల్లల చేతుల్లో కనబడినప్పుడల్లా, రక్తపిశాచుల కథ గనుక వద్దని తల్లిదండ్రులకు చెబుతూ వచ్చాము. అయితే మేము దానిని చదవలేదు. ఈమధ్యనే చదివాము.

2005లో వచ్చిన ఈ పుస్తకం అట్టమీద రెండు చేతుల్లో ఎర్రని ఆపిల్ పండు, లోపల కథకు ముందు ఆదికాండము 2:17. తినకూడని పండు సంగతి ఎరిగే రచయిత్రి కథ మొదలుపెట్టారు. కథానాయకుడు ఎడ్వర్డ్‌ను రక్తపిశాచిగా మార్చిన డాక్టర్ కార్లైల్ ఒక పాస్టరుగారి కొడుకు. మనుషుల రక్తం ముట్టడు, జంతువుల రక్తంతో సరిపెట్టుకుంటాడు. తమవంటివారికి ఆత్మ మిగిలి ఉంటుందని అతని నమ్మకం. లేదని ఎడ్వర్డ్ భయం. (మన సండేస్కూలులో ఈ ప్రశ్న ఇంత శ్రద్ధగా అడిగినవారు మాకు గుర్తులేరు.)

కాబట్టి మా అభ్యంతరం కోరల మీద కాదు. ఎడ్వర్డ్ రాత్రివేళ బెల్లాకు తెలియకుండా ఆమె గదిలోకి వచ్చి, నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. మూడవ నవల ‘ఎక్లిప్స్’లో ఆమె తన స్నేహితుడి దగ్గరకు వెళ్లకుండా ట్రక్కు ఇంజనులో భాగం ఊడదీస్తాడు. కథ దీనినీ ప్రేమ లెక్కలోనే వేస్తుంది. పెళ్లివరకు ఆగాడని అతన్ని మెచ్చుకునే విశ్వాసులు ఈ పుటలను మరోసారి చూడాలి.

పుస్తకం లాక్కోకండి. ఆ ట్రక్కు సంగతి వచ్చే అధ్యాయం అమ్మాయితో కలిసి చదవండి. ఎడ్వర్డ్ కాక మన వీధిలో అబ్బాయి ఇలా చేస్తే ఏమంటావని అడగండి.