చైల్డ్ కార్ సీట్: కేర్‌టేకర్ కారులో మీ చిన్నారి వెళ్తోందా..? తక్కువ బడ్జెట్‌లో ఏ సీటు కొనాలి.. ముందు ఈ లేబుల్ చూడండి!

నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి పట్టణాల్లో ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు చాలానే ఉన్నాయి. పొద్దున ఎనిమిదింటికి అమ్మ బస్టాండ్‌కి పరుగు, నాన్న బైక్ మీద ఆఫీసుకి. మరి మూడున్నరేళ్ల పాప? పక్క వీధిలో పిల్లల్ని చూసుకునే అక్క దగ్గర. ఆ అక్కే తన పాత కారులో పాపను ప్లే స్కూల్లో దింపుతుంది, మధ్యాహ్నం మళ్లీ తీసుకొస్తుంది. టిఫిన్ బాక్స్, వాటర్ బాటిల్, మందులు అన్నీ చెప్పి వెళ్తాం. ఒక్కటి మాత్రం అడగం.. కారులో పాప ఎక్కడ కూర్చుంటోంది?

చాలా ఇళ్లల్లో జవాబు ఒకటే. ముందు సీట్లో ఎవరో ఒకరి ఒళ్లో. లేదంటే వెనక సీట్లో నిలబడి, రెండు సీట్ల మధ్యలోంచి రోడ్డు చూస్తూ.

ఒళ్లో పట్టుకుంటే సేఫ్ కాదా?

కాదు. లెక్క సింపుల్. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ దేన్నో ఢీకొని, సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకుందాం. కారు ఆగినా లోపలున్న 14 కిలోల పాప అదే వేగంతో ముందుకు దూసుకెళ్తుంది. ఆమెను ఆపాలంటే దాదాపు 200 కిలోల బరువును పట్టుకున్నంత బలం కావాలి. ఎంత గట్టిగా పట్టుకున్నా చేతులు ఆగవు. ఆ వేగంతో డ్యాష్‌బోర్డుకు తగలడం అంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు నుంచి కింద పడటంతో సమానం. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టేవాళ్లూ ఉన్నారు. అది ఇంకా డేంజర్. పెద్దవాళ్ల బరువంతా బెల్టుకీ తమకీ మధ్య ఉన్న బిడ్డ మీదే పడుతుంది.

"మా ఊళ్లో రెండు కిలోమీటర్లే కదా" అనే మాట కామన్‌గా వినిపిస్తుంది. కానీ ఈ రెండు జిల్లాల మీదుగా వెళ్లే రోడ్లు మామూలువి కావు. హైదరాబాద్-విజయవాడ హైవే చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా, హైదరాబాద్-బెంగళూరు హైవే షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా వెళ్తాయి. ఊళ్లోంచి బయటికొస్తే చాలు, లారీల పక్కన ప్రయాణం. 2018 ఆగస్టు 29న నటుడు, మాజీ ఎంపీ నందమూరి హరికృష్ణ ప్రాణం పోయింది నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గరే. డ్రైవింగ్ చేస్తున్న ఆయన బెల్టు పెట్టుకోలేదని, కారులోంచి బయటికి ఎగిరిపడ్డారని అప్పట్లో వార్తలొచ్చాయి. అంత పెద్ద మనిషినే కారు బయటికి విసిరేస్తే, 14 కిలోల బిడ్డ సంగతేంటి?

సీటు ఎంత పని చేస్తుందో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ లెక్కగట్టింది. కార్లలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాలను చైల్డ్ సీటు 54 శాతం, ఏడాది లోపు పిల్లల్లో 71 శాతం తగ్గిస్తోందని తేల్చింది.

చట్టం ఏం చెబుతోంది?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బీ అనే సెక్షన్ ఉంది. 14 ఏళ్లు నిండని పిల్లల్ని సీటు బెల్టు గానీ, చైల్డ్ సీటు గానీ లేకుండా తీసుకెళ్తే రూ.1,000 జరిమానా. నడిపినవాళ్లకే కాదు, అలా నడపనిచ్చినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. అంటే కేర్‌టేకర్ కారైనా "మా కారు కాదుగా" అనుకుని వదిలేసే విషయం కాదు. అమలు మాత్రం అంతంతే. 2024 అక్టోబర్‌లో కేరళ రవాణా శాఖ పిల్లల సీట్లు తప్పనిసరి అని ప్రకటించి, విమర్శలు రావడంతో వెనక్కి తగ్గింది.

సీటు కంటే ముందు కారు చూడండి

ఎక్కువ మంది చేసే తప్పు ఇదే. ఆన్‌లైన్లో ఆఫర్ చూసి సీటు ఆర్డర్ పెడతారు, అది వచ్చాక కారులో కూర్చోదు. అందుకే ముందు అక్కవాళ్ల కారు వెనక డోర్ తీసి చూడాలి. బెల్టు భుజం మీదుగా, నడుము మీదుగా రెండు వైపులా వస్తోందా? అది త్రీ-పాయింట్ బెల్టు. చాలా సీట్లకు ఇదే కావాలి. పాత కార్లలో, ముఖ్యంగా వెనక మధ్య సీటుకు, నడుము బెల్టు మాత్రమే ఉంటుంది. దానికి సరిపోయే సీట్లు కొన్నే ఉంటాయి, మాన్యువల్‌లో ఆ మాట స్పష్టంగా రాసి ఉండాలి. అసలు వెనక బెల్టులే లేని పాత బండైతే సీటు కొన్నా ఉపయోగం లేదు, అందులో బిడ్డను పంపకపోవడమే మంచిది.

సీటు వీపు, కూర్చునే భాగం కలిసే సందులో వేలు పెడితే ఇనుప కొక్కేలు తగిలితే ఐసోఫిక్స్ ఉన్నట్టు. కొత్త కార్లలో ఇవి ఉంటాయి. ఇవి ఉంటే ఫిట్టింగ్ ఈజీ, తప్పు జరిగే ఛాన్స్ తక్కువ. లేకపోయినా కంగారు పడొద్దు. బెల్టుతో కరెక్ట్‌గా బిగిస్తే బెల్టు సీటు కూడా బాగానే కాపాడుతుంది. ఐసోఫిక్స్ లేని కారుకు ఐసోఫిక్స్ సీటని ఎక్కువ డబ్బులు పోయడమే అసలు దండగ.

వయసు కాదు, బరువు

ప్యాకెట్ మీద "3 నుంచి 12 ఏళ్లు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాన్ని నమ్మొద్దు. మన దగ్గర నాలుగేళ్లొచ్చినా 13 కిలోలే ఉండే పిల్లలు చాలామంది. బూస్టర్ సీటు కనీసం 15 కిలోల నుంచి మొదలవుతుంది. 13 కిలోల పాపను అందులో కూర్చోబెడితే బెల్టు మెడ దగ్గరికి, పొట్ట మీదికి వస్తుంది. ఆ వయసుకు, ఆ బరువుకు భుజాలు, నడుము, కాళ్ల మధ్య నుంచి పట్టుకునే ఐదు పట్టీల సీటే కావాలి. బరువు ఎంతో తెలియకపోతే అంగన్‌వాడీ కేంద్రంలో అడగండి, అక్కడ పిల్లల బరువు, ఎత్తు కొలిచి రాసి పెడతారు.

ఇక బడ్జెట్ మాటకొద్దాం. పుట్టినప్పటి నుంచి 18 కిలోల దాకా అని అమ్మే కన్వర్టిబుల్ సీటు ఇప్పుడే పుట్టిన బిడ్డకు ఓకే. మూడున్నరేళ్ల పాపకు కొంటే ఏడాది, రెండేళ్లలో అది చిన్నదైపోతుంది. దాని బదులు 9 నుంచి 36 కిలోల సీటు చూడండి. 18 కిలోల వరకు ఐదు పట్టీలు, ఆ తర్వాత పట్టీలు తీసేసి కారు బెల్టుతో బూస్టర్‌గా వాడొచ్చు. హైస్కూల్ దగ్గరికొచ్చేదాకా పనికొస్తుంది. సాదా మోడల్ అయితే సుమారు ఐదారు వేల నుంచి దొరుకుతాయి. కప్ హోల్డర్, 360 డిగ్రీలు తిరగడం లాంటివి రేటు పెంచుతాయి, రక్షణను కాదు.

లేబుల్ మాత్రం వదలొద్దు. సీటు పక్కనో వెనకో నారింజ రంగు స్టిక్కర్, దాని మీద వృత్తంలో ఇంగ్లిష్ 'ఈ' అక్షరం, 'ఆర్44/04' లేదా కొత్తదైన 'ఆర్129' అని ఉండాలి. మన దేశ ప్రమాణమైతే ఏఐఎస్-072. ఇవేవీ లేకుండా కొన్ని వందలకే "బేబీ కార్ సీట్" అని అమ్మే మెత్తటి గుడ్డ, పట్టీల కుషన్లు సీట్లు కావు. స్కూటర్ మీద పిల్లల్ని కట్టుకునే బెల్టు కూడా కారుకు పనికిరాదు.

అమెరికా నుంచి తెచ్చిన సీటు వాడొచ్చా?

బంధువులు అమెరికా నుంచి వస్తూ వాళ్ల పిల్లల సీటు ఇచ్చేసి వెళ్లడం మనకు మామూలే. అక్కడ చాలా కార్ల వెనక బెల్టును పూర్తిగా లాగితే లాక్ అవుతుంది. మన కార్ల బెల్టు మామూలుగా గట్టిగా గుంజితేనే ఆగుతుంది, మిగతా టైంలో వదులుగా జారుతుంది. కాబట్టి ఆ సీటుకు సొంతంగా బెల్టు లాక్ ఉందో లేదో చూడాలి. ఎక్స్‌పైరీ తేదీ కూడా ప్లాస్టిక్ మీద అచ్చు వేసి ఉంటుంది. తెలియనివాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్ మాత్రం వద్దు. ఆ సీటు ఇప్పటికే ఏ యాక్సిడెంట్ చూసిందో మనకు తెలియదు.

అక్కకు ఎలా చెప్పాలి?

నిజానికి కష్టమైన పార్ట్ ఇదే. "నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదా?" అని వాళ్లు నొచ్చుకుంటారేమోనని చాలామంది తల్లులు ఊరుకుంటారు. "అక్కా, నువ్వు మంచిగనే నడుపుతవు, ఎదురుంగ వచ్చేటోళ్ల సంగతే భయం" అంటే సరిపోతుంది. సీటు డబ్బులు మనమే పెట్టుకోవాలి, బిగించడం కూడా మనమే దగ్గరుండి చేయాలి. రోజూ తీసి పెట్టే పని వాళ్ల మీద వేయొద్దు. తీసి పెట్టిన ప్రతిసారీ తప్పుగా బిగించే అవకాశం ఉంటుంది. వీలైతే సీటు అక్క కారులోనే ఉంచేయాలి, వెనక సీట్లోనే. ముందు ఎయిర్‌బ్యాగ్ పెద్దవాళ్ల కోసం, ఆ దెబ్బ చిన్న పిల్లలు తట్టుకోలేరు.

బిగించేటప్పుడు మోకాలు సీటు మీద ఆనించి బరువు వేసి బెల్టు లాగాలి. తర్వాత బెల్టు దూరే చోట పట్టుకుని కదిలిస్తే సీటు 2.5 సెంటీమీటర్లకు మించి కదలకూడదు. పాపను కూర్చోబెట్టాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో మడతపెట్టి చూడండి. మడత పడితే ఇంకా వదులుగా ఉన్నట్టే. రోడ్డుకు ఎదురుగా కూర్చునే సీటులో పట్టీలు భుజం ఎత్తులో, లేదా కాస్త పైనుంచి రావాలి. ఇదంతా ఒకసారి చేసి, ఫోన్లో చిన్న వీడియో తీసి అక్క వాట్సాప్‌కు పంపేయండి. ఆవిడ భర్తో, కొడుకో నడిపే రోజు కూడా పనికొస్తుంది.

నల్గొండ ఎండలు తెలిసినవే. ఎండలో నిలిపిన కారులో బకిల్ ఇనుము చర్మం కాల్చేంత వేడెక్కుతుంది, సీటు మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంచాలి, కూర్చోబెట్టే ముందు చేత్తో తాకి చూడాలి. నిద్రపోయిందని పాపను కారులో వదిలి కూరగాయలకు దిగడం మాత్రం ఐదు నిమిషాలకైనా వద్దు.

మొదటి వారం పాప ఏడుస్తుంది, దిగుతానంటుంది. రెండో వారానికి బకిల్ తనే పెట్టుకుంటానంటుంది. ఎప్పుడైనా కారు గట్టిగా గుద్దుకుంటే, సీటు పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. లోపల ప్లాస్టిక్‌లో వచ్చిన పగులు కంటికి కనిపించదు.